పాత కారు – కొత్త గేరు

వస్తువు పాతబడినప్పుడు మనిషి ముందు మూడు దారులు కనిపిస్తాయి. దానిని బాగుచేయించి ఉన్నది ఉన్నట్లుగా వాడుకోవడం మొదటిది. దాని రూపాన్నో పనితీరునో మార్చి కొత్త అవసరానికి తగినట్లు మలచుకోవడం రెండవది. దానిని విడిచిపెట్టి మరొకటి కొనుక్కోవడం మూడవది. పాత ఇల్లు, పాత బావి, పాత మగ్గం, పాత బండి – వీటిలో దేని విషయంలోనైనా ఎప్పుడో ఒకప్పుడు ఈ మూడు దారుల కూడలిలో నిలబడక తప్పదు. ఏ దారి మంచిదన్న ప్రశ్నకు అన్ని సందర్భాలకూ చెల్లే జవాబు ఉండదు. అయితే జవాబును వెదికే పద్ధతి మాత్రం ఒకటే. ఆ పద్ధతిని తెలుసుకోవడానికి గొప్ప గొప్ప ఉదాహరణలు అక్కరలేదు. ఇంటి ముందు నిలిపి ఉంచిన ఒక పాత కారు చాలు.

ఆ కారు ఇరవై ఏండ్ల క్రితం కొన్నదని, గేర్లు తనంతట తానే మార్చుకొనే ఆటోమేటిక్ రకానికి చెందినదని అనుకోవచ్చు. ఇప్పుడు దాని గేరుబాక్సు మొరాయిస్తున్నది. కదలవలసిన చోట క్షణం ఆగి, కుదుపుతో కదులుతున్నది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను రొద పెరుగుతున్నదే గాని వేగం పుంజుకోవడం లేదు. షెడ్డుకు తీసుకుపోతే, ఆ గేరుబాక్సును తీసివేసి చేతితో గేర్లు వేసే మాన్యువల్ గేరుబాక్సును బిగించుకోమన్న సలహా తొందరగానే దొరుకుతుంది. ఆ సలహాను పాటించాలా, వద్దా? చూడటానికి ఇది మెకానిక్ షెడ్డులోనే తేలిపోవలసిన చిన్న విషయం. లోతుగా పరిశీలిస్తే ఇందులో యంత్రశాస్త్రం ఉంది, చట్టం ఉంది, గృహస్థు ఆదాయవ్యయాలు ఉన్నాయి. అన్నింటికీ మించి ఒక మనిషి స్వేచ్ఛ ఇందులో ఇమిడి ఉంది.

ముందుగా గేరుబాక్సు ఎందుకు అవసరమో తెలుసుకోవాలి. ఇంజను అన్ని వేగాల వద్దా ఒకే విధంగా పనిచేయలేదు. మరీ నెమ్మదిగా తిరిగితే ఆగిపోతుంది. మరీ వేగంగా తిరిగితే అరిగిపోతుంది. ఆ రెండింటి నడుమ ఉన్న కొద్దిపాటి పరిధిలోనే అది చక్కగా పనిచేస్తుంది. కాని కారు నిలిచిన చోటి నుండి కదలాలి, గుట్ట ఎక్కాలి, చదునైన రహదారిపై పరుగెత్తాలి. ఇంజను స్వభావానికీ దారి స్వభావానికీ సంధి కుదిర్చే సాధనమే గేరుబాక్సు. చిన్న పళ్ళచక్రం పెద్ద పళ్ళచక్రాన్ని తిప్పినప్పుడు వేగం తగ్గి బలం పెరుగుతుంది. గేర్ల సైకిలు మీద ఎత్తు ఎక్కిన విద్యార్థికి ఇది అనుభవంలో ఉన్న సంగతే.

మాన్యువల్ పద్ధతిలో ఈ సంధిని కుదిర్చే బాధ్యత నడిపేవారిదే. ఎడమ కాలితో క్లచ్ తొక్కితే ఇంజనుకూ గేరుబాక్సుకూ సంబంధం తెగుతుంది. ఎడమ చేతితో గేరు కడ్డీని జరిపితే వేరొక జత పళ్ళచక్రాలు పనిలోకి వస్తాయి. క్లచ్‌ను మెల్లగా వదిలితే తెగిన సంబంధం మళ్ళీ కలుస్తుంది. తొలినాటి కార్లలో పళ్ళచక్రాల వేగాలు ఒకదానితో ఒకటి కలవక కరకరమనే శబ్దం వచ్చేది. 1928లో అమెరికాలోని కాడిలాక్ కార్లలో ప్రవేశించిన సింక్రోమెష్ అనే అమరిక ఆ ఇబ్బందిని చాలావరకు తొలగించింది. కాని ఎడమ కాలికీ ఎడమ చేతికీ ఉన్న పని మాత్రం తగ్గలేదు.

ఆ పనిని యంత్రానికే అప్పగించాలన్న ఆలోచన నుండి పుట్టినది ఆటోమేటిక్ గేరుబాక్సు. 1939లో జనరల్ మోటార్స్ సంస్థ తన ఓల్డ్స్‌మొబైల్ కార్ల 1940 నమూనా కోసం ప్రవేశపెట్టిన హైడ్రామాటిక్, పెద్ద సంఖ్యలో తయారైన తొలి పూర్తి ఆటోమేటిక్‌గా ప్రసిద్ధి పొందింది. తరువాతి కాలంలో స్థిరపడిన పద్ధతిలో క్లచ్ ప్లేటుకు బదులు నూనెతో నిండిన టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఇంజనుతో పాటు తిరిగే రెక్కలు నూనెను విసురుతాయి. ఆ నూనె ఎదుటనున్న రెక్కలను తిప్పుతుంది. దాని వెనుక, సూర్యుని చుట్టూ గ్రహాలు తిరిగినట్లుగా ఒక నడిమి చక్రం చుట్టూ చిన్న చక్రాలు తిరిగే అమరిక ఉంటుంది. ఏ చక్రాన్ని ఎప్పుడు ఆపాలో, దేనిని తిరగనివ్వాలో నూనె పీడనమే నిర్ణయిస్తుంది. తరువాతి నమూనాలలో ఆ నిర్ణయంలో కంప్యూటరు కూడా చేరింది.

అమెరికాలో ఆటోమేటిక్ కారే సర్వసాధారణమయింది. భారతదేశంలో చాలాకాలం మాన్యువల్ రాజ్యమేలింది. 2014లో ఉత్పత్తి ఆగిపోయిన అంబాసిడర్‌లో ఒకనాడు స్టీరింగు కిందనే గేరు కడ్డీ ఉండేది. దానిని లాఘవంగా జరపడం డ్రైవరు నైపుణ్యానికి కొలమానంగా ఉండేది. 1990ల చివరలోనూ 2000ల దశకంలోనూ మారుతి జెన్, హ్యుందాయ్ శాంత్రో, హోండా సిటీ వంటి కార్లలో మాన్యువల్ రకాలతో పాటు ఆటోమేటిక్ రకాలు కూడా కొద్ది సంఖ్యలో వచ్చాయి. మాన్యువల్ గేరుబాక్సునే ఉంచి, క్లచ్ తొక్కే పనిని, గేరు మార్చే పనిని యంత్రానికి అప్పగించిన ఎ.ఎం.టి. పద్ధతి 2014లో మారుతి సెలేరియోతో చిన్న కార్లలో అడుగుపెట్టింది. ఆ తరువాతనే మధ్యతరగతి కుటుంబాలకు ఆటోమేటిక్ అందుబాటులోకి వచ్చింది. కాబట్టి ఇరవై ఏండ్లు దాటిన ఆటోమేటిక్ కారు ఇక్కడ అరుదైన వస్తువు. అరుదైనది కావడమే దాని కష్టాలకు మూలం.

ఈ కష్టం మహానగరాల కంటే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వంటి పట్టణాలలో ఎక్కువగా తెలుస్తుంది. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుండి 2016 అక్టోబరు 11న ఇవి మూడూ జిల్లా కేంద్రాలుగా ఏర్పడ్డాయి. ఇక్కడి పాత కార్ల మీద ఏ.పి. 22 అన్న మహబూబ్‌నగర్ సంఖ్య ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ తరువాతి వాటి మీద నాగర్‌కర్నూలుకు 31, వనపర్తికి 32, జోగులాంబ గద్వాలకు 33 అన్న సంఖ్యలు టి.ఎస్. అక్షరాలతో వచ్చాయి. 2024 నుండి కొత్త వాహనాలకు టి.జి. అక్షరాలు వచ్చాయి. జిల్లాలు మారాయి, అక్షరాలు మారాయి. మెకానిక్ షెడ్లలోని విద్య మాత్రం ట్రాక్టర్లు, జీపులు, లారీలు, మాన్యువల్ కార్ల మీద పెరిగిన విద్య. క్లచ్ ప్లేటు మార్చడం అక్కడ నిత్యకృత్యం. టార్క్ కన్వర్టర్ విప్పడం అరుదు. ఆటోమేటిక్‌ను బాగుచేయించాలంటే కారును లారీ మీద ఎక్కించి హైదరాబాదుకు పంపవలసి రావచ్చు.

గేరుబాక్సును మార్చాలనేవారి వాదానికి బలం ఇక్కడి నుండే వస్తుంది. అందరికీ తెలిసిన యంత్రమే నమ్మదగిన యంత్రమని వారంటారు. దారిలో ఆగిపోయిన కారును పెబ్బేరులోనైనా కొల్లాపురంలోనైనా బాగుచేయగలవారు దొరకాలని కోరుకోవడం తప్పు కాదు. బ్యాటరీ బలహీనపడితే మాన్యువల్ కారును నలుగురు కలసి తోసి స్టార్టు చేయవచ్చు. టార్క్ కన్వర్టర్ ఉన్న కారును అలా స్టార్టు చేయడం సాధ్యపడదు. ఆగిపోయిన ఆటోమేటిక్ కారును, తిప్పే చక్రాలు నేల మీద ఉండగా దూరం లాగుకొని పోతే, లోపల నూనె ప్రసరించక గేరుబాక్సు దెబ్బతింటుంది. పాతకాలపు ఆటోమేటిక్‌లో నూనె ద్వారా బలం ప్రసరించేటప్పుడు కొంత వృథా అవుతుంది కనుక పెట్రోలు కూడా కొంత ఎక్కువే పడుతుంది. ఈ మాటలన్నీ నిజమే.

ఈ వాదానికి తోడుగా ఘాటు రోడ్డును కూడా ఉదాహరిస్తారు. నాగర్‌కర్నూల్ జిల్లాలో మన్ననూరు దాటిన తరువాత శ్రీశైలం రహదారి నల్లమల అడవిలో ప్రవేశించి, దోమలపెంట, ఈగలపెంటల మీదుగా కృష్ణానది వైపు మలుపులు తిరుగుతూ దిగుతుంది. అటువంటి దిగుడులో అదేపనిగా బ్రేకు తొక్కితే బ్రేకులు వేడెక్కి పట్టు సడలుతాయి. తక్కువ గేరులో దిగితే ఇంజనే కారును పట్టి ఉంచుతుంది. మాన్యువల్‌లో ఆ అదుపు డ్రైవరు చేతిలో ఉంటుందన్న మాట వాస్తవమే. అయితే పాత ఆటోమేటిక్ కార్లలో కూడా గేరు కడ్డీ పక్కన 'ఎల్', '2' వంటి స్థానాలు ఉంటాయి. అవి ఇటువంటి దిగుడుల కోసమే ఏర్పడినవి. అన్ని దారులలోనూ 'డి' స్థానంలోనే కడ్డీని వదిలివేసి, ఆటోమేటిక్‌కు ఘాటు దిగడం రాదనడం న్యాయం కాదు. ఉన్న సాధనాన్ని వాడటం తెలియకపోతే, దానిని వాడటం నేర్చుకోవాలి. అందుకోసం సాధనాన్నే మార్చనక్కరలేదు.

ఇక మార్పిడి అన్న పని ఎంతటిదో చూడాలి. గేరుబాక్సు మార్చడమంటే ఒక పెట్టెను తీసి మరొక పెట్టెను పెట్టడం కాదు. ఇంజను వెనుక ఉన్న పలుచని పళ్ళెం వంటి భాగాన్ని తీసి బరువైన ఫ్లైవీలును బిగించాలి. దాని మీద క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, వాటిని కదిలించే బేరింగు అమర్చాలి. కాళ్ళ దగ్గర రెండు పెడళ్ళకు బదులు మూడింటికి చోటు చేయాలి. క్లచ్ కేబులును లాగాలి. గేరు కడ్డీని, దాని లింకులను, గేరుబాక్సును మోసే ఆధారాలను మార్చాలి. చక్రాలకు బలాన్ని అందించే షాఫ్టుల పొడవు సరిపోవాలి. పార్కు, న్యూట్రల్ స్థానాలలో మాత్రమే స్టార్టు కావడానికి వీలుగా ఉన్న వైరింగును సవరించాలి. వెనుకకు పోయేటప్పుడు వెలిగే దీపానికి కొత్త స్విచ్చు కావాలి. కంప్యూటరు ఉన్న కారైతే, లేని ఆటోమేటిక్ కోసం అది వెదుకుతూ ఉండకుండా దానిని కూడా మార్చాలి. వీటిలో ఏ ఒక్కటి పొసగకపోయినా అదురు, శబ్దం, నూనె కారడం, స్టార్టు కాకపోవడం వంటి కొత్త జబ్బులు మొదలవుతాయి. పాత జబ్బుకు పేరైనా ఉంటుంది. అతుకుల బండికి వచ్చే జబ్బుకు పేరు కూడా దొరకదు.

అందుచేత మొదట వేయవలసిన ప్రశ్న – రోగం నిజంగా గేరుబాక్సుదేనా? ఆటోమేటిక్‌లో నూనె కేవలం కందెన కాదు. బలాన్ని మోసేదీ అదే, ఆజ్ఞను అందించేదీ అదే. ఆ నూనె తగ్గినా, మాడి నల్లబడినా, జల్లెడ మూసుకుపోయినా, నూనె దారిని తెరచి మూసే ఒక చిన్న సాలినాయిడ్ వాల్వు పాడయినా కుదుపులు వస్తాయి. ఇంజను అదురును అడ్డుకునే రబ్బరు ఆధారాలు చితికినా కారు కుదుపుతోనే కదులుతుంది. నూనె రంగును, వాసనను, మట్టాన్ని చూడకుండానే గేరుబాక్సును విప్పి పారవేయడం, నాడి చూడకుండానే శస్త్రచికిత్సకు సిద్ధపడటం వంటిది. తెలియని యంత్రాన్ని చెడిపోయిన యంత్రంగా భావించడం సులభం. ఈ సులభమైన పొరపాటు వల్ల బాగుపడదగిన వస్తువులు ఎన్నో తూకానికి పోతున్నాయి.

రెండవ ప్రశ్న మరింత ముఖ్యమైనది. ఆ కారును నడిపేదెవరు? వనపర్తిలో ఉద్యోగ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుని ఇంట ఇటువంటి కారు ఉన్నదని ఊహిస్తే విషయం స్పష్టమవుతుంది. ఆయనకు ఎడమ మోకాలు అరిగింది. మెట్లు ఎక్కడం కష్టమైనా ఆటోమేటిక్ కారులో కుడి కాలితోనే పని సాగుతుంది. వారానికి ఒకసారి భార్యను ఎక్కించుకొని పెబ్బేరు, బీచుపల్లి, ఎర్రవల్లి మీదుగా గద్వాలలోని కూతురింటికి తానే నడుపుకొని పోతాడు. కొడుకు హైదరాబాదులో ఉద్యోగి. నెలకొకసారి వస్తాడు. గేర్లు మారుస్తూ నడపడమే అసలైన నడకమని అతని అభిప్రాయం. "నాయినా, గేర్ల బండి అయితే యాడ ఆగినా ఎవరో ఒకరు బాగుచేస్తరు" అని అతడంటే, "బాగుచేసేటోళ్లు దొరుకుతరు సరే బిడ్డా, నడిపేటోళ్లెవరు?" అని ఆ తండ్రి అడగవచ్చు. ఆ ప్రశ్నకు యంత్రశాస్త్రంలో జవాబు లేదు.

మాన్యువల్‌గా మారిన కారు బహుశా మరి పదేండ్లు నడుస్తుంది. కాని దానిని ఆ వృద్ధుడు నడపలేడు. ఆయన కదలికలు కొడుకు సెలవుల మీద, పొరుగువారి తీరిక మీద, కిరాయి డ్రైవరు రాక మీద ఆధారపడతాయి. కారు మిగిలి, దాని వలన కలిగే స్వేచ్ఛ పోయిందన్నమాట. కాలు లేక చేయి స్వాధీనంలో లేనివారి విషయంలోనూ ఇంతే. వారికి ఆటోమేటిక్ ఒక విలాసం కాదు. ఊతకర్ర వంటి అవసరం. అమెరికాలో పెరిగి, ఆటోమేటిక్ తప్ప మరొకటి నడపడం తెలియని పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు వారికీ ఆ కారే దిక్కు. బ్రిటనులో ఆటోమేటిక్ మీద పరీక్ష ఇచ్చి లైసెన్సు పొందినవారికి మాన్యువల్ నడపడానికి అనుమతి లేదు. మన దేశంలో కార్ల లైసెన్సుకు ఆ విభజన లేదు. అయితే లైసెన్సు అనుమతించినంత మాత్రాన మోకాలు అనుమతించదు.

దీనికి విరుద్ధమైన పరిస్థితి కూడా ఉండవచ్చు. ఇంట్లో ముగ్గురు నలుగురు నడుపుతారు, అందరికీ మాన్యువల్ అలవాటే, కారు పొలం పనులకూ దూరపు పల్లెలకూ తిరుగుతుంది, ఆటోమేటిక్ లోపలి భాగాలు పూర్తిగా అరిగాయని తెలిసినవారు పరీక్షించి తేల్చారు అనుకుంటే, మార్పిడి వలన నష్టపడేవారు ఎవరూ లేరు. అటువంటప్పుడు మార్పును కాదనడం మూర్ఖత్వమే అవుతుంది. పాతదనే మమకారంతో నడవని కారును వాకిట్లో నిలిపి తుప్పు పట్టించడం వస్తువును గౌరవించడం కాదు.

మూడవ ప్రశ్న చట్టానిది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ వాహనాలలో చేసే మార్పులను నియంత్రిస్తుంది. తయారీదారు నిర్దేశించిన వివరాలకు, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు పొంతన చెడే విధంగా యజమాని వాహనాన్ని మార్చరాదన్నది దాని సారాంశం. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ నియమాన్ని నొక్కి చెప్పింది. అదే సంవత్సరం జరిగిన చట్ట సవరణ, అనుమతి లేని ప్రతి మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించే వీలు కల్పించింది. గ్యాసుకు, బ్యాటరీకి మారడానికి ఆమోదం పొందిన కిట్ల ద్వారా చట్టం దారి చూపింది. గేరుబాక్సు మార్పిడికి అటువంటి ప్రత్యేకమైన దారిని అది పేర్కొనలేదు.

గేరుబాక్సు రకం ప్రతి రిజిస్ట్రేషన్ పత్రంలోనూ ఉండకపోవచ్చు. కాని కారు నమూనా పేరు, ఖాళీ బరువు వంటి వివరాలు ఉంటాయి. బీమా పత్రంలోనూ నమూనా పేరు ఉంటుంది. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేండ్లకు ముగుస్తుంది. ఆ తరువాత తనిఖీ జరిపించి అయిదేండ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి. ఆ తనిఖీలోనో, ప్రమాదం జరిగినప్పుడు బీమా పరిశీలనలోనో పత్రానికీ వాహనానికీ పొంతన కుదరకపోతే చిక్కులు తప్పవు. కాబట్టి పని మొదలుపెట్టక ముందే రవాణా శాఖ కార్యాలయంలోనూ బీమా సంస్థలోనూ రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. "అందరూ చేస్తున్నారు" అన్నది షెడ్డులో చెల్లే మాట. న్యాయస్థానంలో చెల్లదు.

నాలుగవ ప్రశ్న భాగాలది. అదే కారు, అదే ఇంజనుతో, మాన్యువల్ రకంగా కూడా తయారై ఉంటే, దానికి కావలసిన ప్రతి భాగాన్ని తయారీదారే ఒకనాడు రూపొందించి ఉంటాడు. తుక్కుకు పోతున్న ఒక మాన్యువల్ కారు నుండి పెడళ్ళ దగ్గర నుండి కంప్యూటరు వరకు మొత్తం తెచ్చుకోగలిగితే మార్పిడికి ఒక క్రమం ఉంటుంది. మాన్యువల్ రకమే లేని కారుకు వేరే కారు గేరుబాక్సును కోసి, వెల్డింగు చేసి, అతికి బిగించడం ప్రాణాలతో పరాచకం. వేగంగా తిరిగే భాగాలలో వెంట్రుకవాసి వంకర కూడా కాలక్రమంలో పెద్ద ప్రమాదమై కూర్చుంటుంది.

అయిదవ ప్రశ్న ఖర్చుది. ఒక కాగితం మీద మూడు అంకెలు రాసుకోవాలి. ఉన్న ఆటోమేటిక్‌ను బాగుచేయించడానికి అయ్యే ఖర్చు ఒకటి. మార్పిడికి అయ్యే ఖర్చు రెండవది. మార్పిడి తరువాత ఆ కారుకు సంతలో వచ్చే ధర మూడవది. మార్పిడి ఖర్చులో భాగాల వెలతో పాటు కారు షెడ్డులో నిలిచిన రోజులను, రెండవసారి విప్పవలసి వస్తే అయ్యే కూలిని కూడా చేర్చాలి. ఈ లెక్క వేయకుండా పని మొదలుపెట్టినవారు సగంలో ఆపలేక, పూర్తి చేయలేక నలిగిపోతారు.

మార్పు అంటేనే అపచారమని ఈ ప్రశ్నల ఉద్దేశం కాదు. ఈ మూడు జిల్లాల నేలకు మార్పు కొత్త కాదు. అది ఎలా జరగాలో తెలిపే ఆనవాళ్ళు ఇక్కడే ఉన్నాయి. కృష్ణా తుంగభద్రల సంగమం వద్ద కూడవెల్లిలో చాళుక్యుల కాలంనాటి సంగమేశ్వరాలయం ఉండేది. శ్రీశైలం జలాశయంలో అది మునిగిపోతుందని తెలిసినప్పుడు, రాళ్ళను విడదీసి తెచ్చి అలంపురంలో తిరిగి నిర్మించారు. స్థలం మారింది, రాయికీ రాయికీ ఉన్న సంబంధం మారలేదు. వనపర్తి సంస్థానాధీశుల రాజప్రాసాదంలో 1959లో పాలిటెక్నిక్ కళాశాల వెలసింది. ప్రభువులు నివసించిన భవనంలో పల్లెల పిల్లలు యంత్రవిద్య నేర్చుకున్నారు. ప్రయోజనం మారింది; ఆ మార్పు వలన ఎందరికో దారి దొరికింది. గద్వాల చీరలో ఒడలు నూలు, అంచూ కొంగూ పట్టు. స్వభావం వేరైన రెండు దారాలు నేతలోనే ఒకదానితో ఒకటి పెనవేసుకొంటాయి. ఆ కలయిక సరిగా లేకపోతే చీర అక్కడే విడిపోతుంది.

ఈ మూడింటిలోనూ మార్పు జరిగింది. కాని దేనిని నిలపాలో, దేనిని మార్చాలో, రెండింటినీ ఎక్కడ కలపాలో ముందుగా ఆలోచించి చేసిన మార్పు అది. ప్రాచీన సాహిత్య విమర్శకులు దీనికి ఔచిత్యమని పేరు పెట్టారు. 11వ శతాబ్దంలో కాశ్మీర దేశపు క్షేమేంద్రుడు 'ఔచిత్య విచార చర్చ' అన్న గ్రంథమే రచించాడు. తగిన చోట తగినది ఉండటమే ఔచిత్యం. మధురమైన జోలపాటను యుద్ధఘట్టంలో చేరిస్తే పాట చెడుతుంది, యుద్ధమూ చెడుతుంది. గేరుబాక్సు విషయం కూడా ఇటువంటిదే. ఆటోమేటిక్ గొప్పదా, మాన్యువల్ గొప్పదా అన్న వాదం నిష్ప్రయోజనం. ఏ కారుకు, ఏ దారికి, ఏ చేతికి, ఏ కాలికి ఏది తగినది అన్నదే ఆలోచించదగిన ప్రశ్న.

కనుక ఈ విషయంలో ఒక నిర్ణయానికి రావచ్చు. బాగుచేయడానికి వీలున్నంత వరకు పాత కారును దాని సహజ స్థితిలోనే బాగుచేయించుకోవడం ఉత్తమం. గేరుబాక్సు నిజంగా బాగుపడనిదై, నడిపేవారిలో ఎవరికీ నష్టం కలగక, అదే నమూనా మాన్యువల్ భాగాలన్నీ దొరికి, అధికారుల అనుమతి లభించి, ఖర్చు అందుబాటులో ఉంటే మార్పిడికి పూనుకోవచ్చు. ఈ అయిదింటిలో ఏ ఒక్కటి లోపించినా, ఆ కారును గౌరవంగా విడిచిపెట్టి, అవసరానికి తగిన మరొకదానిని చూసుకోవడమే వివేకం. వీటిలో నడిపేవారి ప్రశ్నకు మిగిలినవాటి కంటే ఎక్కువ బరువు ఇవ్వాలి. యంత్రం మనిషి కోసం పుట్టినది గనుక, దానిని మార్చే హక్కు కంటే దాని మీద ఆధారపడినవాని అవసరం గొప్పది.

ఈ చర్చలో మరొక కర్తవ్యం కూడా కనిపిస్తుంది. ఆటోమేటిక్‌ను బాగుచేయగలవారు దగ్గరలో లేకపోవడమే సగం మార్పిడులకు కారణమైతే, ఆ విద్యను దగ్గరకు తేవడమే అసలు పరిష్కారం. నేటి రహదారుల మీద ఆటోమేటిక్ కార్లు పెరుగుతున్నాయి. అవి పాతబడే నాటికి వాటిని విప్పి బిగించగల చేతులు ఈ పట్టణాలలోనే ఉండాలి. ఐ.టి.ఐ.లలో, పాలిటెక్నిక్‌లలో చేరే యువతకు ఇది మంచి జీవనోపాధి. తెలియని యంత్రాన్ని తీసిపారేయమని చెప్పే మెకానిక్ కంటే, తెలుసుకొని బాగుచేసే మెకానిక్ ఊరికి ఎక్కువ మేలు చేస్తాడు.

నేటి విద్యార్థులు రేపు ఇంటి పెద్దలవుతారు. పాత కారు ఒక్కటే కాదు, పాత ఇల్లు, పాత వృత్తి, పాత ఆచారం కూడా వారి ముందు నిలిచి తన సంగతి తేల్చమంటాయి. అప్పుడు కొత్తదన్న మోజుతో గాని, పాతదన్న మమకారంతో గాని తీర్పు చెప్పరాదు. లోపం ఎక్కడుందో పరీక్షించాలి. మార్పు ఎవరిని నిలబెడుతుందో, ఎవరిని కూలదోస్తుందో చూడాలి. చట్టాన్ని, ఖర్చును తూచాలి. ఆ తరువాత తీసుకున్న నిర్ణయం ఏదైనా అది గౌరవించదగినదే అవుతుంది.